2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని భాగించి చూడకుండానే ఎలా తేల్చారు?

గణితజిజ్ఞాసి:
సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ చివరి సంవత్సరంలో సంఖ్యా సిద్ధాంతం చదువుతున్నాను. 170141183460469231731687303715884105727 అనే 39 అంకెల సంఖ్య, అంటే 2¹²⁷ − 1, ప్రధాన సంఖ్య అని ఫ్రాన్సు గణితవేత్త ఎదువార్ ల్యూకా 1876లో నిరూపించారని చదివాను. ఒక సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడానికి నాకు తెలిసిన మార్గం ఒక్కటే: దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడటం. ఈ సంఖ్య వర్గమూలమే దాదాపు 1.3 × 10¹⁹. కంప్యూటర్లు లేని కాలంలో ఒక మనిషి కాగితం మీద ఈ పని ఎలా ముగించగలిగారో నాకు అర్థం కావడం లేదు. ఆ నిరూపణలో తర్కం ఎంతవరకు, చేతి లెక్క ఎంతవరకు అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

పాతలెక్కలు:
మంచి ప్రశ్న వేశారు. ముందుగా భాగించి చూసే దారిలోనే ఎంత దూరం వెళ్లగలమో చూద్దాం. ఆ దారి ఎక్కడ ఆగిపోతుందో తెలిస్తే ల్యూకా చేసిన పని విలువ తెలుస్తుంది. రాయడానికి వీలుగా ఈ సంఖ్యను 'మ' అంటాను.

'క' అనే ప్రధాన సంఖ్య 'మ'ను నిశ్శేషంగా భాగిస్తుందనుకోండి. అప్పుడు 2¹²⁷ను 'క'తో భాగిస్తే శేషం 1. 2ను ఎన్నోసారి హెచ్చిస్తే మొదటిసారిగా శేషం 1 వస్తుందో ఆ సంఖ్య 127ను భాగించాలి. 127 ప్రధాన సంఖ్య కాబట్టి అది 1 గానీ 127 గానీ కావాలి, 1 కావడానికి వీలు లేదు. కాబట్టి అది 127. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం 2కు (క − 1)వ ఘాతం కూడా శేషం 1 ఇస్తుంది, కాబట్టి 127 అనేది (క − 1)ను భాగించాలి. 'క' బేసి సంఖ్య కాబట్టి (క − 1) సరి సంఖ్య. అందువల్ల 254 దానిని భాగించాలి. అంటే ఏ ప్రధాన భాజకమైనా 254తో భాగిస్తే శేషం 1 వచ్చేదే అయి ఉండాలి.

ఇంకొక నిబంధన కూడా ఉంది. 2⁶⁴ వర్గం 2¹²⁸, అది 'క' దృష్టిలో 2తో సమానం. అంటే 2కు అక్కడ వర్గమూలం ఉంది, కాబట్టి 'క'ను 8తో భాగిస్తే శేషం 1 లేదా 7 మాత్రమే రావాలి. చిన్న ఉదాహరణగా 2¹¹ − 1 = 2047 = 23 × 89 తీసుకోండి. 23, 89 రెండూ 22తో భాగిస్తే శేషం 1 ఇస్తాయి. 8తో భాగిస్తే వరుసగా 7, 1 శేషాలు ఇస్తాయి.

ఈ రెండు జల్లెడలూ పట్టిన తరువాత కూడా మనకు పరీక్షించవలసిన సంఖ్యలు దాదాపు 2.57 × 10¹⁶ మిగులుతాయి. సెకనుకు ఒక భాగహారం చొప్పున చేస్తే 80 కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది. కాబట్టి ల్యూకా ఈ దారిలో వెళ్లలేదని మాత్రం ఖాయంగా చెప్పవచ్చు.

కృష్ణాతీరం:
మాస్టారూ, నాదొక సందేహం. ఫెర్మా సిద్ధాంతాన్నే నేరుగా వాడితే సరిపోదా? 'మ' ప్రధాన సంఖ్య అయితే 2ను (మ − 1) సార్లు హెచ్చించి 'మ'తో భాగించినప్పుడు శేషం 1 రావాలి కదా. పదేపదే వర్గం చేస్తూ పోతే ఆ శేషాన్ని దాదాపు 127 అడుగుల్లో కనుక్కోవచ్చు.

సమశేషం:
కృష్ణాతీరం గారూ, ఈ సంఖ్యల విషయంలో 2ను ఆధారంగా తీసుకుంటే పరీక్ష ఏమీ చెప్పదు. కారణం ఇది: ఘాతాంకం 'ప' ప్రధాన సంఖ్య అయితే, 2ᵖ − 1 రూపంలోని ప్రతి సంఖ్యా, అది ప్రధానమైనా సంయుక్తమైనా, ఆ పరీక్షలో నెగ్గుతుంది. 2ᵖను ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 అన్నది నిర్మాణంలోనే ఉంది; ఇక (2ᵖ − 2)ను 'ప' భాగిస్తుందని ఫెర్మా సిద్ధాంతమే చెబుతోంది. కాబట్టి 2కు (2ᵖ − 2)వ ఘాతం తప్పనిసరిగా శేషం 1 ఇస్తుంది. 2047 = 23 × 89 అని ఇప్పుడే చూశాం; అది కూడా 2 ఆధారంగా చేసే పరీక్షలో ప్రధాన సంఖ్యలాగే కనిపిస్తుంది.

3ను ఆధారంగా తీసుకుంటే 2047 గుట్టు బయటపడుతుంది. 3కు 2046వ ఘాతం 23తో భాగించినప్పుడు శేషం 1 ఇస్తుంది, కాని 89తో భాగించినప్పుడు 34 ఇస్తుంది. కాబట్టి 2047 సంయుక్తం. అయినా ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. ఓడిపోయిన సంఖ్య సంయుక్తమని నిస్సందేహంగా చెప్పవచ్చు, నెగ్గిన సంఖ్య ప్రధానమని మాత్రం చెప్పలేం. నెగ్గడం బలమైన సూచనే, కాని అది నిరూపణ కాదు. నిరూపణ కావాలంటే 'మ'కు ఒక అడుగు కింద ఉన్న (మ − 1) గురించో, ఒక అడుగు పైన ఉన్న (మ + 1) గురించో మనకు ఎక్కువ తెలిసి ఉండాలి. మన అదృష్టం ఏమిటంటే (మ + 1) కచ్చితంగా 2¹²⁷. అంతకంటే బాగా తెలిసిన సంఖ్య ఉండదు. ల్యూకా పట్టుకున్నది ఆ పక్కనే.

నిశిత:
సమశేషం గారు చెప్పినదాన్నే కొనసాగిస్తాను. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపాన్ని అమెరికా గణితవేత్త డి. హెచ్. లేమర్ 1930లో సరళంగా స్థిరపరిచారు, అందుకే దాన్ని ల్యూకా–లేమర్ పరీక్ష అంటారు. నియమం ఇంతే: 4తో మొదలుపెట్టండి. ప్రతి అడుగులో చేతిలో ఉన్న సంఖ్యను వర్గం చేసి, 2 తీసివేసి, 2ᵖ − 1తో భాగించి శేషాన్ని మాత్రం ఉంచుకోండి. (ప − 2) అడుగుల తరువాత శేషం సున్నా అయితే 2ᵖ − 1 ప్రధానం, కాకపోతే సంయుక్తం. మధ్యేమార్గం లేదు.

2⁷ − 1 = 127ను చేతితో చేసి చూద్దాం. ఇక్కడ 5 అడుగులు కావాలి. 4 నుంచి 14. 14 వర్గంలో 2 తీసేస్తే 194, శేషం 67. 67 నుంచి 4487, శేషం 42. 42 నుంచి 1762, శేషం 111. 111 అంటే −16తో సమానం, దాని వర్గం 256, 2 తీసేస్తే 254, అది 127కు సరిగ్గా రెట్టింపు, శేషం సున్నా. అయిదో అడుగులో సున్నా వచ్చింది కాబట్టి 127 ప్రధానం.

ఇప్పుడు ఇది ఎందుకు నిరూపణ అవుతుందో చెబుతాను, ఎందుకంటే గణితజిజ్ఞాసి గారు అడిగిన అసలు ప్రశ్న ఇదే. 'అ' = 2 + √3, 'ఆ' = 2 − √3 అనుకోండి. ఈ రెండింటి లబ్ధం 1, మొత్తం 4. ఆ మొత్తాన్ని వర్గం చేసి 2 తీసివేస్తే 'అ' వర్గం, 'ఆ' వర్గం కలిపిన మొత్తం మిగులుతుంది. కాబట్టి ప్రతి అడుగులోనూ ఘాతాంకం రెట్టింపవుతూ పోతుంది. 125 అడుగుల తరువాత మన చేతిలో ఉండేది 'అ'కు 2¹²⁵వ ఘాతం, 'ఆ'కు 2¹²⁵వ ఘాతం కలిపిన మొత్తం. అది 'మ'తో భాగించినప్పుడు సున్నా అయిందనుకోండి. రెండు వైపులా 'అ' యొక్క 2¹²⁵వ ఘాతంతో గుణిస్తే, 'అ'కు 2¹²⁶వ ఘాతం −1తో సమానమని వస్తుంది. దాన్ని వర్గం చేస్తే 2¹²⁷వ ఘాతం 1.

ఇక 'మ' సంయుక్తమని ఊహిద్దాం. అప్పుడు దాని అతి చిన్న ప్రధాన భాజకం 'క' వర్గం 'మ'ను మించదు. పూర్ణాంకం + పూర్ణాంకం × √3 రూపంలోని సంఖ్యలను 'క'తో భాగించిన శేషాలుగా చూస్తే మొత్తం 'క' వర్గమంత సంఖ్యలే ఉంటాయి, వాటిలో సున్నా ఒకటి. 'అ' ఘాతాలలో ఏదీ సున్నా కాదు, ఎందుకంటే 'ఆ'తో గుణిస్తే 1 వస్తుంది. కాని 2¹²⁶వ ఘాతం −1 అయి, 2¹²⁷వ ఘాతం 1 అయింది కాబట్టి 'అ' ఘాతాలు తిరిగి మొదటికి రావడానికి కచ్చితంగా 2¹²⁷ అడుగులు పడతాయి, అంటే అన్ని వేర్వేరు సంఖ్యలు అక్కడ ఉండి తీరాలి. ఉన్న చోటు మాత్రం అత్యధికంగా మ − 1, అంటే 2¹²⁷ − 2. చోటు చాలదు. కాబట్టి అలాంటి 'క' లేదు, 'మ' ప్రధానం.

ఈ తర్కంలో ఎక్కడా భాజకాల కోసం వెతకలేదని గమనించండి. 125 వర్గాలు, 125 శేషాలు: లెక్క అంతే. మిగిలినది అంతా ఆలోచన. దీని విలోమం, అంటే 'మ' ప్రధానమైతే సున్నా వచ్చి తీరుతుందన్నది, వర్గ శేషాల సిద్ధాంతం నుంచి వస్తుంది. కావాలంటే వేరే టపాలో రాస్తాను.

గణితజిజ్ఞాసి:
నిశిత గారూ, ఎంతో శ్రమ తీసుకొని వివరించారు, ధన్యవాదాలు. "చోటు చాలదు" అన్న మెట్టు దగ్గర నాకు అసలు విషయం అర్థమైంది. ఒక ఉప ప్రశ్న: సున్నా కాకుండా వేరే శేషం వస్తే, ఆ శేషం నుంచి కారణాంకాలు ఏమైనా తెలుస్తాయా?

నిశిత:
తెలియవు. 2047కు ఇదే లెక్క వేస్తే వరుసగా 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736 వస్తాయి. తొమ్మిదో అడుగులో 1736 మిగిలింది కాబట్టి 2047 సంయుక్తం. కాని 1736ను ఎంత పరిశీలించినా అందులో 23 గానీ 89 గానీ కనబడవు.

పాతలెక్కలు:
ఈ విషయానికి చరిత్రలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1644లో మారిన్ మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి, 257 వరకు ఉన్న ఘాతాంకాలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 లకు మాత్రమే 2ᵖ − 1 ప్రధాన సంఖ్య అవుతుందని ప్రకటించారు. వాటిలో 31ను ఆయిలర్ 1772లో నిరూపించారు. ల్యూకా 1876లో 127ను నిరూపించడమే కాక, 67 ఘాతాంకంతో వచ్చే సంఖ్య సంయుక్తమని కూడా తేల్చారు, కాని దాని కారణాంకాలు చెప్పలేకపోయారు. అవి 1903లో ఎఫ్. ఎన్. కోల్ అనే అమెరికా గణితవేత్త వల్ల బయటపడ్డాయి: 2⁶⁷ − 1 = 193707721 × 761838257287. అంటే ఒక సంఖ్య సంయుక్తమని తెలిసిన తరువాత కూడా అది దేనితో దేన్ని గుణిస్తే వచ్చిందో తెలియడానికి 27 సంవత్సరాలు పట్టింది. ఈ రెండూ వేర్వేరు పనులు అని విద్యార్థులకు చెప్పడానికి నేను ఎప్పుడూ దీన్నే ఎంచుకుంటాను.

మెర్సెన్ జాబితాలో లేని 61ని రష్యాలో పెర్వూషిన్ 1883లో, 89, 107లను అమెరికాలో పవర్స్ 1911, 1914లలో చేర్చారు. 257 సంయుక్తమని తేలింది. మన 127 మాత్రం మెర్సెన్ చెప్పినట్లే నిలిచింది. ఇలా నిరూపితమైన ప్రతి ప్రధాన సంఖ్యా యూక్లిడ్ నియమం ప్రకారం ఒక పరిపూర్ణ సంఖ్యను ఇస్తుంది. 2¹²⁶ × (2¹²⁷ − 1) అనే 77 అంకెల సంఖ్య, తన కంటే చిన్నవైన తన భాజకాలన్నిటి మొత్తానికి సమానం.

విషయానికి కొంచెం పక్కనే అయినా ఒక మాట. హనోయి గోపురం అనే ఆటను 1883లో లోకానికి ఇచ్చినది ఈ ల్యూకాయే. అందులో బిళ్లలన్నిటినీ ఒక కడ్డీ నుంచి మరొక కడ్డీకి మార్చడానికి కనీసం ఎన్ని కదలికలు కావాలో బిళ్లల సంఖ్యే చెబుతుంది: 127 బిళ్లలకు సరిగ్గా 2¹²⁷ − 1.

సున్నాశేషం:
వృత్తిరీత్యా ప్రోగ్రాములు రాసేవాడిని కాబట్టి లెక్క ఎలా సాగుతుందో నేను చెబుతాను. ఈ సంఖ్యతో భాగించడానికి అసలు భాగహారమే అక్కర్లేదు. ద్విసంఖ్యామానంలో 'మ' అంటే వరుసగా 127 ఒకట్లు. 2¹²⁷ శేషం 1 కాబట్టి, ఏ పెద్ద సంఖ్యనైనా కుడి వైపు నుంచి 127 స్థానాల దగ్గర రెండు ముక్కలు చేసి, ఆ రెండింటినీ కూడితే చాలు, శేషం వచ్చేస్తుంది. కూడిక 'మ'ను మించితే మరొకసారి అదే పని చేయాలి. చిన్న 127కే చూడండి: 2207 = 17 × 128 + 31, కాబట్టి శేషం 17 + 31 = 48. ల్యూకా కూడా ద్విసంఖ్యామానంలోనే, గళ్ల పలక మీద ఈ లెక్కలను అమర్చుకొనే ఏర్పాటును వివరించారు. ఈరోజు పైథాన్‌లో నాలుగు వరుసల ప్రోగ్రాము రాస్తే 125 అడుగులూ కంటి రెప్పపాటులో పూర్తవుతాయి. ఇది చదువుతున్న ప్రతివారూ ఒకసారి స్వయంగా నడిపి, చివర వచ్చే సున్నాను చూడాలని నా కోరిక.

ఈ సులభమైన శేషం వల్లనే ఆ సంఖ్య ఆచరణలోకి కూడా వచ్చింది. 127 స్థానాలు కంప్యూటరు ఒకేసారి పట్టుకొనే 64 స్థానాల ముక్కలు రెండింటిలో సరిగ్గా ఇమిడిపోతాయి, ఒక స్థానం మిగులుతుంది. 2015లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కాస్టెల్లో, లోంగా ప్రతిపాదించిన ఫోర్‌క్యూ అనే దీర్ఘవృత్త వక్రం ఈ ప్రధాన సంఖ్య మీదే నిర్మితమైంది. సంకేత లేఖనంలో, అంటే సందేశాలను రహస్యంగా ఉంచే విద్యలో, వేగం దాని ప్రధాన లక్షణం. అంతకు ముందే బెర్న్‌స్టీన్ సందేశాల ధ్రువీకరణ కోసం హాష్127 అనే పద్ధతిని ఇదే సంఖ్యతో రూపొందించారు.

ఒక హెచ్చరిక: ఈ సంఖ్యను రహస్యంగా ఉంచవలసిన తాళపు చెవిలో భాగంగా, ఉదాహరణకు రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం మీద నడిచే సంకేత పద్ధతి అయిన ఆర్‌ఎస్‌ఏలో రెండు ప్రధాన సంఖ్యలలో ఒకటిగా, వాడకూడదు. అందరికీ తెలిసిన సంఖ్యతో భాగించి చూడటం శత్రువు చేసే మొదటి పని.

కృష్ణాతీరం:
2002లో ఐఐటీ కాన్పూర్‌లో అగ్రవాల్, కయాల్, సక్సేనా కనుక్కొన్న పద్ధతి ఏ సంఖ్యకైనా పనిచేస్తుంది కదా. దాన్నే ఇక్కడ వాడవచ్చా?

సమశేషం:
వాడవచ్చు, కాని అవసరం లేదు. ఆ పద్ధతి గొప్పతనం మరొకచోట ఉంది: ఏ ప్రత్యేక రూపమూ లేని సంఖ్యకు కూడా, నిరూపణ లేని ఏ ఊహ మీదా ఆధారపడకుండా, అదృష్టం ప్రమేయం లేకుండా, అంకెల సంఖ్యకు బహుపది పరిమితిలో (అంటే అంకెల సంఖ్య యొక్క ఒక స్థిర ఘాతాన్ని బట్టి పెరిగే అడుగుల్లోనే) జవాబు వస్తుందని మొదటిసారి నిరూపించినది అదే. మన దేశం నుంచి వచ్చిన ఆ ఫలితం పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. అయితే (మ + 1) పూర్తిగా తెలిసిన ఇలాంటి సంఖ్యకు ల్యూకా దారి ఎన్నో రెట్లు వేగవంతం.

ఇంకా చెప్పాలంటే, 2¹²⁷ − 1 విషయంలో (మ − 1) పక్క నుంచి కూడా స్వతంత్రమైన నిరూపణ ఇవ్వవచ్చు. మ − 1 = 2 × (2⁶³ − 1) × (2⁶³ + 1). ఇందులో 2⁶³ − 1 = 7² × 73 × 127 × 337 × 92737 × 649657; 2⁶³ + 1 = 3³ × 19 × 43 × 5419 × 77158673929. చివరిది ప్రధానమని చూపడానికి 2.78 లక్షల వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. మొత్తం 12 వేర్వేరు ప్రధాన కారణాంకాలు. ఏదైనా ఒక ఆధారానికి (మ − 1)వ ఘాతం శేషం 1 అయి, (మ − 1)ను ఈ పన్నెండింటిలో ఒక్కొక్కదానితో భాగించగా వచ్చిన ఘాతాలలో ఏదీ 1 కాకపోతే, 'మ' ప్రధానమని రుజువైనట్లే. 2 ఆ ఆధారంగా పనికిరాదు, ఎందుకంటే 127వ ఘాతంలోనే అది 1కి తిరిగి వచ్చేస్తుంది. రెండు పక్కల నుంచీ ఇలా పూర్తిగా తెరుచుకొనే 39 అంకెల సంఖ్య దొరకడం అరుదు.

నిశిత:
ల్యూకా 1876లో వాడినది 4తో మొదలయ్యే వరుస కాదని కూడా ఇక్కడ నమోదు చేయడం మంచిది. ఘాతాంకాన్ని 4తో భాగిస్తే శేషం 3 వచ్చే సందర్భంలో, 3తో మొదలుపెట్టి అదే నియమం పాటించవచ్చు: 3, 7, 47, 2207, ఇలా. ఇవి ఫిబొనాచీ సంఖ్యల తోబుట్టువులైన ల్యూకా సంఖ్యల వరుసలో 2వ, 4వ, 8వ, 16వ పదాలు. ఫిబొనాచీ వరుసలాగే ఇందులోనూ ప్రతి పదం దాని ముందున్న రెండింటి మొత్తం. మొదలు మాత్రం 2, 1 (2ను సున్నావ పదంగా లెక్కించాలి). అందువల్ల ల్యూకా నిరూపణను ఇలా చెప్పవచ్చు: ఆ వరుసలోని 2¹²⁶వ పదాన్ని 2¹²⁷ − 1 నిశ్శేషంగా భాగిస్తుంది. చిన్న 127కు చేస్తే 3, 7, 47, 48, 16, సున్నా వస్తాయి. అంటే 64వ ల్యూకా సంఖ్యను 127 భాగిస్తుంది. 2 + √3 స్థానంలో ఇక్కడ స్వర్ణ నిష్పత్తి పనిచేస్తోంది.

గణితజిజ్ఞాసి:
చివరిగా ఒకటి అడుగుతాను. 2తో మొదలుపెడితే 2² − 1 = 3, 2³ − 1 = 7, 2⁷ − 1 = 127, ఆ తరువాత 2¹²⁷ − 1. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ గొలుసు ఇలాగే కొనసాగుతుందని ఎవరైనా నిరూపించారా?

పాతలెక్కలు:
ల్యూకా ఫలితం వెలువడిన తరువాత కతలాన్ ఈ గొలుసును గమనించి చర్చకు పెట్టారు. నేటికీ నిరూపణ గానీ ఖండన గానీ లేదు. ఘాతాంకం మెర్సెన్ ప్రధాన సంఖ్య (2ᵖ − 1 రూపంలోని ప్రధానం) అయినంత మాత్రాన ఫలితం ప్రధానం కావలసిన పని లేదని మాత్రం తెలుసు: 2¹³ − 1 = 8191 ప్రధానమే, కాని 2ను 8191వ ఘాతానికి హెచ్చించి 1 తీసివేస్తే వచ్చే సంఖ్య సంయుక్తమని 1953లో వీలర్ ఇలియాక్ అనే తొలితరం కంప్యూటరు మీద చూపారు. అదే విధంగా ఘాతాంకం 2³¹ − 1 అయినప్పుడు వచ్చే సంఖ్యను 295257526626031 నిశ్శేషంగా భాగిస్తుంది. దాని నుంచి 1 తీసివేసి 2147483647తో భాగించి చూడండి, సరిగ్గా 137490 వస్తుంది. నేను మొదట చెప్పిన భాజకాల నియమం అక్కడా నిలుస్తుంది.

గొలుసులో తరువాతి సంఖ్య, అంటే 2¹²⁷ − 1 ఘాతాంకంగా ఉన్నది, దాదాపు 5.12 × 10³⁷ అంకెలు గలది. 2024 అక్టోబరులో ప్రకటించిన, ఇప్పటివరకు తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1లో ఉన్నవి 4,10,24,320 అంకెలు మాత్రమే. కాబట్టి ల్యూకా–లేమర్ పరీక్ష ఇక్కడ అక్కరకు రాదు. పరీక్షలో ఒక్క పదాన్ని రాసుకోవడానికి కూడా భూమి మీద ఉన్న జ్ఞాపకశక్తి సాధనాలేవీ చాలవు. మిగిలిన దారి ఒక్కటే: దాని భాజకం ఏదైనా ఉంటే అది 2 × (2¹²⁷ − 1) యొక్క గుణిజానికి 1 కలిపిన సంఖ్య కావాలి, 8తో భాగిస్తే శేషం 1 లేదా 7 రావాలి. అలాంటి సంఖ్యలను ఒక్కొక్కటిగా తీసుకొని, 2ను పదేపదే వర్గం చేస్తూ శేషం చూడటానికి, ఆ బ్రహ్మాండమైన సంఖ్యను రాయవలసిన అవసరం లేదు. 127 వర్గాలు చేస్తే ఒక అభ్యర్థి సంగతి తేలిపోతుంది. భాజకం దొరికిన రోజున గొలుసు తెగినట్లే. దొరకనంత కాలం ఈ పద్ధతితో అది ప్రధానమని మాత్రం ఎన్నటికీ చెప్పలేం.